ఇంట్లో పిల్లల ఫోటో: ఏ వెలుతురు ఎంచుకోవాలి, బల్బు పసుపును ఎంత తీయాలి

ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇంట్లో చిన్నపిల్లల ఫోటో వెచ్చగా, ఇంటి వెలుగులాగే రావాలంటే పగలైతే వాకిలి వెలుతురు వాడండి, రాత్రయితే ఒకే రకం పసుపు బల్బులు వేయండి, కెమెరాలో రా ఫైలు (కెమెరా దిద్దకుండా ఉంచే ముడి ఫోటో) పెట్టుకోండి, వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగులోనైనా తెలుపును తెలుపుగా చూపించే సెట్టింగు) మీ చేత్తో మీరే పెట్టండి, ఎడిటింగ్‌లో ఆ పసుపును సగానికి పైగా తీయండి గానీ పూర్తిగా తీయకండి. పూర్తిగా తీసేస్తే బిడ్డ ముఖంలో కళ పోతుంది, అస్సలు తీయకపోతే నలుగు పెట్టి కడగడం మరిచిపోయినట్టుంటుంది.

అనంతపురంలో పదేళ్ళు దాటింది నేను ఫోటోలు తీయబట్టి. పెళ్ళిళ్ళే ఎక్కువ, కానీ మనసుకు దగ్గరైంది మాత్రం ఇళ్ళల్లో పిల్లల ఫోటోలే. ఊయల ఫంక్షన్, అన్నప్రాశన, మొదటి పుట్టినరోజు, దీపావళి సాయంత్రం, ఏమీ లేని ఆదివారం మధ్యాహ్నం కూడా. ఈ మధ్య తెలిసినవాళ్ళు చాలామంది సొంతంగా తీసుకుంటున్నారు, మంచిదే, కానీ అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఫ్లాష్ కొనాలా, లైట్ కొనాలా, యాప్ ఏది మంచిది?" కొనే సంగతి తర్వాత. ఇంట్లో ఇప్పటికే నాలుగు రకాల వెలుతురులున్నాయి, వాటిలో ఒకదాన్ని ఎంచుకుని మిగతావాటిని ఆపేయడం దగ్గరే సగం పని అయిపోతుంది.

వాకిలి, బల్బు, ఫ్లాష్

వెలుతురు రంగును కెల్విన్‌లలో చెప్తారు. దీపం 1900 దగ్గర ఉంటుంది, పాత ఫిలమెంటు బల్బు 2700 నుంచి 2800, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర, ఆకాశం వెలుగు మాత్రమే పడే నీడ 7000 పైన. అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. ఇప్పుడు మీ హాల్లో ఉన్న ఎల్‌ఈడీ ట్యూబు డబ్బా దొరికితే చూడండి, చాలా ఇళ్ళల్లో 6500 కెల్విన్, కూల్ డేలైట్ అని ఉంటుంది. దేవుడి గదిలోనో పడకగదిలోనో ఉన్న బల్బు మీద వార్మ్ వైట్, 2700 లేదా 3000 అని ఉంటుంది. ఈ రెండూ ఒకేసారి వెలుగుతూ, పక్కన కిటికీ కూడా తెరిచి ఉంటే బిడ్డ ఒక చెంప నీలం, ఇంకో చెంప నారింజ. అలా వచ్చిన ఫోటోను ఏ యాప్‌తో సరిచేయబోయినా ఒకవైపు బాగవుతుంది, ఇంకోవైపు చెడుతుంది. కాబట్టి మొదటి పని స్విచ్ బోర్డు దగ్గరికి వెళ్ళడం.

పగటి పూట నా ఓటు ఎప్పుడూ వాకిలికే. కిటికీకి కాదు, వాకిలికి. మన పాత ఇళ్ళల్లో కిటికీలు చిన్నవి, ఎండకు భయపడి కట్టినవి. ఇంటికి అన్నింటికన్నా పెద్ద వెలుతురు సందు తలవాకిలే. బిడ్డను గడపకు లోపల రెండు మూడు అడుగుల దూరంలో కూర్చోబెట్టండి, ఎండ నేరుగా మీద పడకూడదు, ముఖం వాకిలి వైపు కాస్త పక్కకు తిరిగి ఉండాలి. మీరు గోడకు ఆనుకుని, బిడ్డ కళ్ళ ఎత్తుకు దిగి కూర్చోండి. ఒక చెంప మీద వెలుగు, రెండో చెంప మీద మెత్తటి నీడ, కళ్ళల్లో వాకిలి నిలువు చదరం మెరుస్తూ కనపడుతుంది. ఆ మెరుపు కంట్లో ఉందంటే మీరు బిడ్డను సరైన చోట పెట్టినట్టే.

ఇక్కడ మన నేలల సంగతి చెప్పాలి, ఇది బయట ఊళ్ళవాళ్ళు రాసే సలహాల్లో దొరకదు. అనంతపురం వైపు వాకిట్లో ఎర్రమట్టి ఉంటే పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య ఎండ ఆ మట్టి మీద పడి లోపలికి తిరిగి కొడుతుంది, ఆ వెలుగు సహజంగానే వెచ్చగా, కింది నుంచి మెత్తగా వస్తుంది, బిడ్డ గడ్డం కింద నీడను తనే నింపేస్తుంది. దానికి మించిన రిఫ్లెక్టర్ నేను ఇంతవరకు కొనలేదు. అదే వాకిట్లో సిమెంటు పోసి ఉంటే వెలుగు ఎక్కువ వస్తుంది గానీ ఆ వెచ్చదనం రాదు. ఇక లోపల నేల. కడప బండలు, తాడిపత్రి నల్లబండలు పరిచిన ఇల్లయితే నేల వెలుతురును మింగేస్తుంది, కింది నుంచి ఏమీ తిరిగి రాదు, గడ్డం కింద, కళ్ళ కింద నీడ గట్టిపడుతుంది. తెల్ల టైల్స్ ఉన్న ఇంట్లో ఈ ఇబ్బంది ఉండదు. నల్లబండల ఇంట్లో నేను చేసేది ఒకటే: తెల్ల పంచె గానీ, మీగడ రంగు దుప్పటి గానీ మడత విప్పి ఫోటోలోకి రాకుండా బిడ్డ ముందు పరిచేస్తాను. తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. ముదురు రంగు దుప్పటి వద్దు, దాని రంగు గడ్డం మీదికి ఎక్కుతుంది.

పాత మిద్దె ఇళ్ళల్లో పైకప్పులో వదిలిన గవాక్షి వెలుతురు చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది, కానీ పిల్లల ముఖానికి అది పనికిరాదు. నెత్తిమీద నుంచి పడుతుంది కాబట్టి కళ్ళు గుంటలుపడినట్టు కనిపిస్తాయి. పసిబిడ్డ వెల్లకిలా పడుకుని ఉంటే మాత్రం అదే గవాక్షి బంగారం, ముఖమంతా సమానంగా వెలుగు పడుతుంది. కూర్చున్న బిడ్డకు వాకిలి, పడుకున్న బిడ్డకు గవాక్షి, అలా గుర్తుపెట్టుకోండి.

రాత్రి పూట బల్బు వెలుతురుకు వస్తే, ఎల్‌ఈడీ ట్యూబు ఒక్కటే వేసి తీయడం తేలిక, వెలుగూ ఎక్కువే, కానీ మీకు కావలసింది ఇంటి వెచ్చదనం అయితే అది ఇవ్వదు. తెల్ల వెలుగులో తీసి తర్వాత యాప్‌లో పసుపు కలుపుదాం అనుకుంటారు చాలామంది. అలా కలిపితే గోడ, చొక్కా, కళ్ళ తెలుపు, అన్నీ సమానంగా పసుపు తాగేస్తాయి. నిజం బల్బు వెలుగు దగ్గర్లో వెచ్చగా, దూరం పోయేకొద్దీ మసకగా, మూలల్లో ముదురుగా పడుతుంది, ఆ తేడానే మనకు ఇల్లులా అనిపించేది. అందుకే రెండు మూడు వార్మ్ వైట్ బల్బులు కొనుక్కోవడం మంచిది, అన్నీ ఒకే కంపెనీవి, ఒకే అంకె ఉన్నవి, 3000 కెల్విన్. కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ అని ఇంకో అంకె చూడండి. రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత అది. మామూలు ఎల్‌ఈడీ బల్బుకు 80 దగ్గర ఉంటుంది, 90 పైన ఉన్నది దొరికితే రెండో ఆలోచన వద్దు. చౌక బల్బుల్లో లోతైన ఎరుపు తక్కువగా ఉంటుంది, మన పిల్లల చర్మంలో ఉన్న ప్రాణమే ఆ ఎరుపు. వెలుతురులో లేని రంగును ఎడిటింగ్‌లో తేవడం చాలా కష్టం.

బల్బుతో ఇంకో రెండు ఇబ్బందులు. మొదటిది, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని ఎల్‌ఈడీలు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి, కంటికి తెలియదు, ఫోటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తాయి. షట్టర్, అంటే కెమెరా వెలుగును లోపలికి వదిలే సమయం, సెకనులో 1/100 లేదా 1/50 వంతు పెడితే చారలు పోతాయి. కానీ ఏడాదిన్నర పిల్లవాడు 1/50లో నిలబడతాడా? నిలబడడు. అందుకే 1/100, బిడ్డ కూర్చుని ఏదో ఆటవస్తువు పట్టుకుని ఉన్నప్పుడు. పరిగెత్తే పిల్లలైతే 1/250 కావాలి, అంత వెలుగు వాకిలి దగ్గరే దొరుకుతుంది, కాబట్టి పరిగెత్తే పిల్లల్ని పగలే తీయండి. రెండోది, పసుపు వెలుగులో నీలం చాలా తక్కువ. తర్వాత మనం పసుపు తీయడం అంటే నిజానికి ఆ కాస్త నీలాన్ని సాగదీయడం. సాగదీస్తే నీడల్లో రవ్వలు రవ్వలుగా నాయిస్ తేలుతుంది. చీకట్లో తీసి తర్వాత వెలుగు పెంచుదాం అనుకుంటే ఇది ఇంకా ఎక్కువ. బల్బును బిడ్డకు దగ్గరగా తేవడం, మూడు అడుగుల దూరంలో ఒక టేబుల్ ల్యాంపులో పెట్టి ముందు పలుచటి తెల్ల గుడ్డ అడ్డుపెట్టడం, ఇవి ఐఎస్ఓ, అంటే తక్కువ వెలుగును కెమెరా ఎక్కువ చేసి చూపే అంకె, పెంచడం కన్నా మేలు. గుడ్డ మాత్రం బల్బుకు తగలకుండా, పిల్లలకు అందకుండా ఉండాలి, వైరు నేలకు టేపుతో అంటించాలి. ఇది చిన్న మాట కాదు.

ఫ్లాష్ ఎవరికి? ముగ్గురు నలుగురు పిల్లలు, రాత్రి ఫంక్షను, ఒక్కరూ కుదురుగా ఉండరు అనుకున్నప్పుడు. నేరుగా ముఖం మీద కొట్టే ఫ్లాష్ మాత్రం వద్దు. ఫ్లాష్ తలను తిప్పి మీ వెనక ఉన్న తెల్ల గోడకు కొట్టండి, అక్కడి నుంచి తిరిగి వచ్చే వెలుగు కిటికీ వెలుగులా మెత్తగా ఉంటుంది. పైకప్పుకు కొట్టమని అందరూ చెప్తారు, తెల్లగా సున్నం వేసిన స్లాబ్ అయితే సరే, బండలూ దూలాలూ ఉన్న మిద్దె అయితే వెలుగు పైకి పోయి అక్కడే ఉండిపోతుంది. గోడకు లేత ఆకుపచ్చ రంగు ఉంటే బిడ్డ ముఖమూ ఆకుపచ్చే. ఇక రంగు: ఫ్లాష్ 5500 దగ్గర, బల్బు 3000 దగ్గర, రెండూ కలిస్తే మళ్ళీ మొదటి గొడవ. ఫ్లాష్ మీద సీటీఓ అనే నారింజ రంగు జెల్ పేపరు అతికిస్తే దాని వెలుగు కూడా బల్బు దగ్గరికి దిగుతుంది, అప్పుడు రెండింటినీ కలిపి ఒకే లెక్కలో సరిచేయవచ్చు. ఫ్లాష్ కొని జెల్ కొనకపోతే పిల్లలు తెల్లగా, వెనక గది నారింజగా ఉండే ఫోటోలే వస్తాయి.

ఫోనా, కెమెరానా

దీని గురించి ఎక్కువ చెప్పను. వాకిలి వెలుతురులో మంచి ఫోను చాలు. బ్యూటీ మోడ్ ఆపేయండి, అది పిల్లల చెంపల మీది సన్నటి నూగును కూడా చెరిపేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ ఉంగరాల జుట్టు చివర్లను మింగేస్తుంది, దాన్నీ మామూలు మోడ్‌లో ఒకసారి తీసి పోల్చి చూడండి. రాత్రి బల్బు వెలుగులో మాత్రం కెమెరా, దానికి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, ఈ జత చాలా ముందుంటుంది. ఎఫ్ అంటే లెన్సు రంధ్రం కొలత, అంకె తక్కువైతే వెలుగు ఎక్కువ, స్పష్టంగా వచ్చే లోతు తక్కువ. ఒక్క బిడ్డ అయితే ఎఫ్ 2, ఇద్దరైతే ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 4, లేకపోతే అక్క కళ్ళు స్పష్టంగా, తమ్ముడి కళ్ళు మసకగా వస్తాయి.

ఫోనైనా కెమెరా అయినా రా ఫైలు పెట్టుకోండి. మామూలు ఫోటో ఫైలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ల రా ఫైలులో 16,384. పగటి వెలుగులో ఈ తేడా కనపడకపోవచ్చు, పసుపు వెలుగును సరిచేసేటప్పుడు మాత్రం జేపెగ్ మూడు అడుగులకే అలిసిపోతుంది. చెంప మీద ఎరుపు నుంచి గోధుమకు మెల్లగా మారాల్సిన చోట మరకలు మరకలుగా విరుగుతుంది.

ఇంకొక్కటి. బల్బు వెలుగులో ముందుగా ఎరుపు రంగు హద్దు దాటుతుంది. తెర మీద ఫోటో మామూలుగానే కనిపిస్తుంది, మొత్తం హిస్టోగ్రాం, అంటే ఫోటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫు, కూడా బాగానే ఉంటుంది, కానీ ఎరుపు గ్రాఫు విడిగా చూస్తే కుడి గోడకు తగిలి ఉంటుంది. అంటే నుదురు మీద, ముక్కు మీద వివరం పోయినట్టే. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రాం విడివిడిగా పెట్టుకుని, అవసరమైతే మూడోవంతు లేదా అర స్టాపు (ఒక స్టాపు తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించి తీయండి. అంతకన్నా తగ్గిస్తే ఇందాక చెప్పిన నాయిస్.

వైట్ బ్యాలెన్స్: ఆటో, కార్డు, చేతి లెక్క

ఆటోలో పెడితే వరుసగా తీసిన పది ఫోటోలు పది రంగుల్లో వస్తాయి, బిడ్డ ఎర్ర బొమ్మ పట్టుకుంటే ఒకలా, వదిలేస్తే ఇంకోలా. ఆల్బమ్‌లో పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ళు వేరే ఇళ్ళ పిల్లల్లా కనిపిస్తారు. ఆటోనే వాడాలనుకుంటే చాలా కెమెరాల్లో అందులోనే రెండు రకాలుంటాయి, ఒకటి తెలుపుకు ప్రాధాన్యం ఇచ్చేది, ఇంకోటి గదిలో ఉన్న వెచ్చదనాన్ని కొంత ఉంచేది. రెండోది పెట్టుకోండి.

గ్రే కార్డు, అంటే ఏ రంగూ కలవని బూడిద రంగు అట్ట, చౌకైన, నమ్మకమైన వస్తువు. బిడ్డ చేతికిచ్చి ఒక ఫోటో తీస్తే చాలు, ఆ వెలుతురులో తీసిన అన్నింటికీ అదే కొలత. చాలామంది కార్డు ఎందుకు, తెల్ల గోడ మీదో తెల్ల చొక్కా మీదో డ్రాపర్ (ఇదే రంగు లేని చోటు అని యాప్‌కు చూపించే గుర్తు) నొక్కితే పోలా అంటారు. ఇక్కడే మన ఇళ్ళల్లో పెద్ద మోసం జరుగుతుంది. మన తెల్ల బట్టల్ని నీలం వేసి ఉతుకుతాం, సున్నంలో కూడా కాస్త నీలిమందు కలిపి గోడకు కొడతాం. కంటికి తెల్లగా కనిపించే ఆ గోడ నిజానికి లేత నీలం. దాని మీద డ్రాపర్ నొక్కితే సాఫ్ట్‌వేరు ఆ నీలాన్ని చంపడానికి ఫోటో మొత్తానికి పసుపు పోస్తుంది. తాతయ్య పంచె మీద నొక్కినా అంతే. కళ్ళ తెలుపు మీద నొక్కడం కూడా సరికాదు, పసిపిల్లల కళ్ళ తెలుపులో సహజంగానే కాస్త నీలం ఛాయ ఉంటుంది. కార్డు లేకపోతే అచ్చు లేని మామూలు ప్రింటర్ కాగితం కూడా అంత నమ్మదగ్గది కాదు, తెల్లగా మెరవడానికి దాంట్లోనూ మందు కలుపుతారు. కార్డు కొనుక్కోండి.

మూడో దారి చేత్తో కెల్విన్ పెట్టడం, నేను ఎక్కువగా వాడేది ఇదే. మొదట్లో ఇది తికమక పెడుతుంది. బల్బు 3000 అయితే కెమెరాలో కూడా 3000 పెడితే పసుపు మొత్తం పోతుంది. 5500 పెడితే కెమెరా ఇది ఎండ అనుకుని పసుపును అలాగే వదిలేస్తుంది, ఫోటో నారింజ పండులా వస్తుంది. మధ్యలో 3600 నుంచి 3900 పెడితే గోడ మీద, ఇత్తడి మీద వెచ్చదనం ఉంటుంది, చర్మం చర్మంలాగే ఉంటుంది. కెమెరాలో అంకె పెంచితే ఫోటో పసుపు వైపు, తగ్గిస్తే నీలం వైపు, ఇది గుర్తుంటే చాలు. దీపాల వెలుగులో తీసేవాటికి ఈ లెక్క కుదరదు, చాలా కెమెరాలు 2500 కన్నా కిందికి దిగవు, దీపం 1900. కెమెరాను 2500 వరకు దించి వదిలేయండి, దీపం పసుపుగానే ఉండాలి.

ఎంత తీయాలి

కొన్నేళ్ళ కిందట అనంతపురం పాతూరులో ఒక మిద్దె ఇంట్లో దీపావళి సాయంత్రం ఇద్దరు పిల్లల్ని తీశాను. అక్కకు నాలుగేళ్ళు, ధర్మవరం పట్టులంగా, పెద్ద జరీ అంచు. తమ్ముడికి పది నెలలు, చెంప మీద ఇంత దిష్టిచుక్క. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి, పిల్లలిద్దరూ లోపల కూర్చుని ఇత్తడి పళ్ళెంలో బంతిపూల రేకులు తుంచుతున్నారు. గ్రే కార్డు పెట్టి తీశాను, ఇంటికి వచ్చి కార్డు మీద నొక్కి కచ్చితంగా సరిచేశాను. లెక్క ప్రకారం ఒక్క తప్పు లేదు. ఫోటో తీసుకెళ్ళి చూపిస్తే వాళ్ళ అవ్వ చాలాసేపు చూసి, "బాగుండాది నాయనా, కానీ దీపాలు పెట్టినపుడు తీసింది కదా, ఇది పగలు తీసినట్టుండాదే" అన్నది.

ఇంటికొచ్చి మళ్ళీ తెరిచి చూస్తే ఆమె చెప్పింది ప్రతి వస్తువులోనూ కనపడింది. గడప పసుపు నిమ్మకాయ రంగుకు పోయింది. ఇత్తడి పళ్ళెం స్టీలు పళ్ళెంలా ఉంది. పిల్లవాడి జుట్టు నీడల్లో నీలం తిరిగింది. చర్మం తప్పుగా లేదు, కానీ ఆ సాయంత్రం లేదు. నేను కెల్విన్ స్లైడర్‌ను 2950 నుంచి 3700కు తెచ్చాను, ఇత్తడికి ప్రాణం వచ్చింది, ఇంకొంచెం, 4100 దగ్గర చెంపలు నారింజకు తిరగడం మొదలైంది, వెనక్కి 3750కి వచ్చి ఆగాను. ఆ రోజు నుంచి నాకు కార్డు మొదటి మెట్టు మాత్రమే, అక్కడి నుంచి వెచ్చదనం వైపు ఎంత నడవాలో ఆ ఇల్లు చెప్తుంది.

ఎలా చెప్తుందంటే, మన ఇళ్ళల్లో రంగు తెలిసిన వస్తువులు చాలా ఉంటాయి, వాటిని కొలతలుగా వాడుకోండి. దిష్టిచుక్క నల్లగా ఉండాలి. అది గోధుమ రంగులో కనపడితే పసుపు ఇంకా ఎక్కువ ఉన్నట్టు, నీలంగా కనపడితే ఎక్కువ తీసేసినట్టు. గడప పసుపు పసుపు ముద్దలా ఉండాలి, నారింజ కాదు, నిమ్మ కాదు. కుంకుమ ఎరుపుగానే ఉండాలి, మెజెంటాకు పోతే టింట్ స్లైడర్‌ను, అంటే ఆకుపచ్చకూ మెజెంటాకూ మధ్య జరిగేదాన్ని, కాస్త ఆకుపచ్చ వైపు జరపాలి. ఎల్‌ఈడీ వెలుగులో ఈ టింట్ గొడవ ఎక్కువ, చాలామంది పసుపు నీలం స్లైడర్ ఒక్కటే కదుపుతూ గంటసేపు కుస్తీ పడతారు, నిజానికి తేడా రెండోదాంట్లో ఉంటుంది.

చర్మానికి అంకెల సాయం కావాలంటే, లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో బిడ్డ చెంప మీద వెలుగు మధ్యస్థంగా ఉన్న చోట కర్సర్ పెడితే శాతాల్లో మూడు అంకెలు కనపడతాయి. సరిచేయకముందు బల్బు ఫోటోలో ఎరుపు 88, ఆకుపచ్చ 58, నీలం 26 లాగా ఉంటాయి. ఆ 26 చూస్తేనే రోగం తెలుస్తుంది. నాకు నచ్చిన చోట ఆగినప్పుడు 72, 55, 42 ప్రాంతంలో ఉంటాయి. ఈ అంకెలు బిడ్డ చాయను బట్టి, వెలుగును బట్టి మారతాయి, వరుస మాత్రం మారదు: ఎరుపు పైన, ఆకుపచ్చ మధ్యలో, నీలం కింద. ఆకుపచ్చా నీలమూ మరీ దగ్గరగా వస్తే ముఖం గులాబీ రంగుకు పోతుంది, పుట్టిన కొత్తలో ఉన్న పసిబిడ్డకు అది కొంతవరకు సహజమే, నాలుగేళ్ళ బిడ్డకు కాదు.

ఇప్పుడు నాకు కష్టంగా ఉండే విషయం. "కొంచెం తెల్లగా చెయ్యి అన్నా" అని అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. కానీ నేను చేయను, మీరూ చేయొద్దని అడుగుతున్నాను. ఆరెంజ్ ల్యూమినెన్స్, అంటే ఫోటోలో నారింజ రంగుల వెలుగు, పెంచితే చర్మం తెల్లబడుతుంది నిజమే, దాంతోపాటే చెంప గుండ్రం పోయి పలకలా అవుతుంది, పెదవుల ఎరుపు పాలిపోతుంది, చెవులూ వేళ్ళూ మాత్రం పాత రంగులోనే మిగులుతాయి. దానికన్నా పెద్ద నష్టం ఇంకోటి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ అమ్మాయి ఆల్బమ్ తెరిచి, తన రంగును ఇంట్లోవాళ్ళే మార్చేశారని గుర్తుపడుతుంది. బిడ్డ ముఖం చీకటిగా అనిపిస్తే వెలుగు పెంచండి, రంగు మార్చకండి. చామనఛాయ బిడ్డ మంచి వెలుగులో మెరిసినంత అందంగా ఏదీ మెరవదు.

దీనికే చుట్టమైన ఇంకో విషయం, పౌడరు. ఫోటో అనగానే అమ్మలు బిడ్డ ముఖానికి పౌడరు అద్దుతారు. కెమెరాకు అది బూడిద రంగు పొరలా కనపడుతుంది, ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, ఏ వైట్ బ్యాలెన్స్ పెట్టినా రెండూ కలవవు. తడి గుడ్డతో మెత్తగా తుడిచేయమని అడగండి, "అక్కా, ముఖం ఇట్లే బాగుంది, తుడిచేద్దాం" అంటే ఎవరూ కాదనరు. నూనె స్నానం చేయించిన రోజైతే ముఖం మీది మెరుపు తగ్గేదాకా అరగంట ఆగండి.

బట్టల విషయానికొస్తే మీగడ, ఆవపసుపు, లేత గులాబీ, పాత బంగారం లాంటి రంగులు బల్బు వెలుగులో ఇమిడిపోతాయి. చిలకాకుపచ్చ లంగా వేస్తే గడ్డం కింద ఆకుపచ్చ నీడ తప్పదు, దాన్ని యాప్‌లోని బ్రష్‌తో విడిగా సరిచేయాలి. పట్టు వేయాల్సిందే అంటే వేయండి, జరీ అంచు బల్బుకు ఎదురుగా కాకుండా పక్కకు ఉండేలా చూసుకోండి, లేకపోతే తెల్లగా కాలిపోతుంది.

ఏ యాప్, ఏ తెర

ఫోన్‌లోనే అయిపోవాలంటే గూగుల్ వాళ్ళ స్నాప్‌సీడ్ చాలు. ఉచితం, ఫోను తీసిన డీఎన్‌జీ రా ఫైలు తెరుస్తుంది, వైట్ బ్యాలెన్స్‌లో డ్రాపర్ ఉంది, బ్రష్‌లో టెంపరేచర్ అనే ఎంపిక ఉంది, ఒక చెంప మీది నీలాన్ని మాత్రమే వేలితో రుద్ది తగ్గించవచ్చు. వంద ఫోటోలకు ఒకే రంగు తేవాలంటే మాత్రం అందులో ఓపిక చాలదు. అక్కడ లైట్‌రూమ్ నయం, ఒక ఫోటో సరిచేసి ఆ సెట్టింగులు మిగతావాటికి అతికించవచ్చు, అందులో కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి. డబ్బు కట్టడం ఇష్టం లేకుండా కంప్యూటర్ ఉంటే డార్క్‌టేబుల్, రాథెరపీ రెండూ ఉచితం, నేర్చుకోవడానికి నెల పడుతుంది, నేర్చుకున్నాక ఏ లోటూ ఉండదు. ఏడాదికి రెండుసార్లు పిల్లల ఫోటోలు తీసుకునే ఇంటికి స్నాప్‌సీడే నా సలహా.

ఏది వాడినా ఎడిట్ చేసే ముందు ఫోన్‌లో రాత్రి పూట తెరను పసుపు చేసే ఐ కంఫర్ట్ ఆపండి. అది ఉంటే తెర పసుపును మీరు ఫోటో పసుపు అనుకుని తీసేస్తూ పోతారు, తెల్లారి చూస్తే బిడ్డ నీలంగా ఉంటుంది. ఒకేసారి పూర్తి చేయకండి కూడా. పది నిమిషాలు చూస్తుంటే కన్ను ఏ రంగుకైనా అలవాటు పడిపోతుంది, లేచి వాకిట్లోకి వెళ్ళి ఆకాశం చూసి వచ్చి మళ్ళీ చూడండి, ఎక్కడ తప్పుందో మొదటి చూపులోనే తెలుస్తుంది.

ప్రింటుకు ఇచ్చేటప్పుడు ఎస్ఆర్‌జీబీలో, అంటే ల్యాబులు మామూలుగా వాడే రంగుల పద్ధతిలో, సేవ్ చేసి ఇవ్వండి. మొదట్లో ఒక ల్యాబ్‌కు ఇది చూసుకోకుండా ఇచ్చి, పన్నెండు పద్దెనిమిది సైజు ప్రింటు పాలిపోయి వస్తే కారణం తెలియక వారం తిరిగాను. ఇంకోసారి ఫైలు సరిగ్గానే ఉన్నా అక్కడ మెషీన్ ఆటో కరెక్షన్ నేను ఉంచిన వెచ్చదనాన్ని మొత్తం తీసేసింది. అందుకే "రంగు ముట్టుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు కొట్టండి" అని నోటితో చెప్పండి, ముందు ఒక్కటి 4×6 సైజులో కొట్టించండి. కాగితం మీద తెర కన్నా చీకటిగానే వస్తుంది కాబట్టి వెలుగు కొద్దిగా పెంచాలి. ఆ చిన్న ప్రింటును దుకాణం ట్యూబులైటు కింద చూసి సరే అనకండి. బయటికి తెచ్చి నీడలో చూడండి, ఇంటికి తీసుకెళ్ళి ఫోటో తగిలించబోయే గోడ దగ్గర, ఆ గోడ మీద రోజూ పడే వెలుగులో ఇంకోసారి చూడండి. రెండు చోట్లా దిష్టిచుక్క నల్లగా, చెంప వెచ్చగా ఉంటే పెద్ద సైజుకు ఇచ్చేయొచ్చు.